సుబ్బరత్నం శాస్త్రీయ నామం

రేపల్లె చేపల మార్కెట్లో తట్ట ముందు పెట్టుకుని కూర్చునే సుబ్బరత్నానికి ఆ ఉదయం ఉన్న పని ఒక్కటే, సొంత కొట్టుకి లైసెన్సు దరఖాస్తు నింపించుకోవడం. తెనాలిలో బైపీసీ చదివే మేనకోడలు ప్రత్యూష సెలవులకి వచ్చి ఉంది. ఫోను ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"అత్తా, పేరు అయింది. శాస్త్రీయ నామం అడుగుతున్నాడు."

"అదేంటే?"

"మనుషులకైతే హోమో సేపియన్స్."

"నేను మనిషినేగా. రాయి."

"తరగతి?"

"ఏడులో మానేశాను."

"ఆ తరగతి కాదత్తా, మనం క్షీరదాలం." జువాలజీలో ప్రత్యూషకి ఎప్పుడూ మంచి మార్కులే. తడుముకోకుండా కొట్టేసింది. బరువు అన్నచోట అరవై రెండు కిలోలు. నిల్వ ఎక్కడ అంటే, "ఐసు పెట్టెలో" అంది సుబ్బరత్నం.

నాలుగోరోజు బాపట్ల మత్స్యశాఖ ఆఫీసులో ఆ దరఖాస్తులో అమ్మే సరుకు వివరాలు చదివినవాళ్లకి చెమటలు పట్టాయి. మధ్యాహ్నానికల్లా కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ శాఖ ఇన్‌స్పెక్టర్ అభినవ్, ఇద్దరు కానిస్టేబుళ్లు జీపు దిగారు.

"పెట్టె తెరువమ్మా!"

పోలీసుల్ని చూసి మార్కెట్టు మార్కెట్టంతా మూగింది. పెట్టెలో మనిషి ఉందట అని ఒకరంటే, ఆ మనిషి సుబ్బరత్నమేనట అని బయట ఇంకొకరన్నారు. పొద్దున కొన్నవాళ్లు చేపలు తిరిగి తెచ్చేశారు. ఇంటి దగ్గర వల బాగుచేసుకుంటున్న మొగుడు కోటయ్య గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. తీరా చూస్తే పెళ్లాం కానిస్టేబులుతో గొడవపడుతోంది. ఏడుపు ఎలా ఆపాలో తెలియక అక్కడే చతికిలబడ్డాడు.

పెట్టెలో వంజరం, రొయ్యలు, ఐసు తప్ప ఏమీ లేవు.

"మరి హోమో సేపియన్స్ ఎక్కడమ్మా?"

"నేనేనండి బాబూ. అనుమానముంటే కాటా ఉంది, తూచుకోండి."

అభినవ్‌కి అంతా అర్థమైంది. కానీ చేతిలో ఉన్న ట్యాబ్‌లో దరఖాస్తు సరిదిద్దే వీల్లేదు. తనిఖీలో నొక్కడానికి రెండే మీటలు: 'తాజా', 'పాడైంది'. సుబ్బరత్నాన్ని ఒకసారి ఎగాదిగా చూసి 'తాజా' నొక్కాడు.

వారం తిరక్కుండా లైసెన్సు వచ్చింది. దాని ప్రకారం సుబ్బరత్నం రోజుకి అరవై రెండు కిలోల హోమో సేపియన్స్ అమ్ముకోవచ్చు.

చేపలకి మాత్రం విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి.