కంపెనీ ఆరోగ్యంగానే ఉంది

"మీ పింఛను మీద ఈగ వాలనివ్వను!" అని కార్మిక మంత్రిగారు గుండీల ఫ్యాక్టరీ ఆవరణలో మైకు అదిరేలా ప్రకటించారు. పింఛన్ల రక్షణకే ఒక ఆఫీసు కూడా తెరిచామన్నారు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది వేదిక మీదున్న యజమానిగారు. అంత పెద్ద మనసు ఆయనది.

మూడో వరుసలో చంటిదాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కోడలు, పక్కనున్న అత్తగారి చెయ్యి గట్టిగా నొక్కింది. అత్తగారు ముప్ఫై ఏళ్లుగా అక్కడ గుండీలు ఏరుతోంది. కళ్లు మూసుకుని తడిమినా విరిగిన గుండీ ఆవిడ వేలికి తెలిసిపోతుంది. నెలాఖరుకు రిటైర్మెంటు. మగదిక్కు లేని ఇల్లు. ఆవిడ మనవరాల్ని చూసుకుంటే కోడలు ఒకటో తారీఖున కుట్టుషాపులో చేరాలి. పని నేర్చుకునే ఆరు నెలలూ జీతం ఉండదు, అందాకా ఇల్లు పింఛనుతోనే గడవాలి.

మర్నాడు నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది. "గౌరవ మంత్రిగారే పింఛన్లకు పూర్తి రక్షణ కల్పించినందున, కంపెనీ ఇకపై పింఛను నిధికి డబ్బు కట్టనవసరం లేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. నిధి చాలదు కనుక పింఛన్లు సగమవుతాయి."

"సంతోషం ఎవరికి అత్తయ్యా?"

"రాసినవాళ్లకై ఉంటుందిలే. పద."

పింఛను రక్షణ ఆఫీసులో ఇంకా రంగు వాసన పోలేదు. అధికారిగారు ఎంత మర్యాదస్థుడంటే, కుర్చీలు వేయించి మరీ కుదరదన్నారు.

"మీ కంపెనీ దివాలా తీసిందామ్మా?"

"లేదండీ. కొత్త బిల్డింగు కడుతున్నారు."

"అయ్యో!" అధికారిగారు నిజంగానే బాధపడ్డారు. "మా రక్షణంతా మునిగిపోయిన కంపెనీల వాళ్లకేనమ్మా. బతికున్న కంపెనీ జోలికి మేం వెళ్లకూడదు."

"బతికున్నదే కదండీ కట్టగలిగేది?" అంది కోడలు.

"చచ్చాక మేం చూసుకుంటాంగా. అప్పుడు రండి."

"ఎప్పుడు చస్తుందండీ?"

"తప్పమ్మా, అశుభం పలక్కూడదు" అని మందలించి, ఒక ఫారం ఇచ్చారు. కంపెనీ నష్టాల్లో ఉందని కంపెనీవాళ్లే సంతకం పెట్టాలట.

ఫారం చూసి ఫ్యాక్టరీ మేనేజరుగారు నొచ్చుకున్నారు. "నష్టమా! ఎంత మాటన్నావమ్మా! ఈ ఏడు వచ్చినంత లాభం ఎన్నడూ రాలేదు."

"అందులోంచే నిధికి కట్టొచ్చు కదా బాబూ?" అంది అత్తగారు.

"కట్టేస్తే ఇక లాభమెలా అవుతుంది పెద్దమ్మా?"

"తింటే బియ్యం తరిగిపోతాయని తమరు అన్నం మానేశారా?"

మేనేజరుగారు ఆ ప్రశ్నను పైఅధికారుల దృష్టికి తీసుకెళతానని మాటిచ్చారు.

ఈలోగా ఫ్యాక్టరీలో సగం పింఛను మీద కార్మికుల గొడవ ముదిరింది. మంత్రిగారు మండిపడ్డారు. యజమానిగారిని పిలిపించి, తలుపులు మూసి రెండు గంటలు నిలదీశారు. లోపల్నుంచి నవ్వులు వినిపించిన మాట నిజమేగానీ, వాటికీ మంత్రిగారి కోపానికీ సంబంధం లేదని పీఏ స్పష్టం చేశాడు.

బయటికొచ్చి మంత్రిగారు చారిత్రక నిర్ణయం ప్రకటించారు. "పింఛను నిధి ఎందుకు తరిగిపోతోంది? మీరు తీసుకోవడం వల్ల! తీసుకోకపోతే ఒక్క రూపాయి తరగదు. అందుకే ఈ నెల నుంచి రిటైర్మెంట్లు రద్దు!"

మొదటి లబ్ధిదారు అత్తగారే. "మీ పింఛను పూర్తిగా భద్రం" అన్న సర్టిఫికెట్టు ఆవిడ చేతికిచ్చి, మంత్రిగారు చంటిదాన్ని ఎత్తుకుని ఫోటో దిగారు. చంటిది గుక్కపట్టి ఏడ్చింది. అవి ఆనందబాష్పాలని పత్రికలు రాశాయి.

అత్తగారు పనిలోకి వెళితే చంటిదాన్ని చూసేదెవరు? కోడలు కుట్టుషాపుకు వెళ్లి చేరలేనని చెప్పేసింది. ఆమె మెట్లు దిగేలోగా ఆమెకని ఉంచిన మిషను ముందు ఇంకో అమ్మాయి కూర్చుంది.

ఒకటో తారీఖు పొద్దున్నే అత్తాకోడళ్లు ఫ్యాక్టరీ గేటు దగ్గరికొచ్చారు. వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు.

"పెద్దమ్మా, నీ పేరు నిన్ననే కొట్టేశారు. లోపలికి పంపడానికి లేదు."

"రిటైర్మెంట్లు రద్దన్నారుగా అన్నయ్యా!" అంది కోడలు.

"అది పింఛను రిజిస్టరులో అమ్మాయ్. నా దగ్గరుండేది జీతాల రిజిస్టరు."

"ఇంతకీ మా అత్తయ్య రిటైరైనట్టా, కానట్టా?"

వాచ్‌మన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"జీతానికి అయినట్టు. పింఛనుకి కానట్టు."