సీసా మీద చేప

మా కంపెనీ వారి నేల తుడిచే క్రిమిసంహారక ద్రవం ఈ సంవత్సరం నుంచి ప్రకృతికి ప్రాణమిత్రుడిగా మారినదని సవినయంగా తెలియజేస్తున్నాను. ద్రవం పాతదే. మూత ఆకుపచ్చది. మిగతా మార్పంతా లేబులు మీద నేనే చేశాను. సీసాల మీద రాతలు రాయడం నా ఉద్యోగం.

కొత్త లేబులు ఆవిష్కరణ సభలో మేనేజరుగారు గద్గద స్వరంతో ప్రసంగించారు. "మన ద్రవం క్రిములకు యముడు, భూమికి ముద్దుబిడ్డ! ఇకపై దీన్ని ఎంత ఒలకబోస్తే ప్రకృతికి అంత సేవ!" అందరం చప్పట్లు కొట్టాం. ఆకు, నీటిచుక్క వేశాక కూడా లేబులు మీద కాస్త జాగా మిగిలిందని బొమ్మలు వేసే ఆయన బాధపడితే, నవ్వే చేపను వేయమని సలహా ఇచ్చిన మేధావిని నేనే. అందుకు నాకు ఉత్తమ ఉద్యోగి కప్పు కూడా ఇచ్చారు.

మా అత్తగారు అచ్చులో ఉన్నదేదైనా నమ్ముతారు. నా మాట మాత్రం పెడచెవిన పెడతారు. మొన్న ఆదివారం నేను హాల్లోకి వచ్చేసరికి మా అమ్మాయి చేపల తొట్టి తళతళలాడుతోంది. ఆవిడ కొత్త నీళ్లలో మా ద్రవం మూతెడు కలిపి, బకెట్లోని చేపలను గిన్నెతో ఎత్తి వదలబోతున్నారు.

"వద్దత్తయ్యా! చచ్చిపోతాయి!"

"అదేంటి బాబూ, సీసా మీద చేప నవ్వుతోందిగా! నువ్వే రాశావని ఎదురింటావిడకి గొప్పగా చెప్పుకున్నాను కూడాను."

ఎదురింటావిడ గుమ్మంలోనే ఉంది. నిజం చెబితే నా పరువు పోతుంది, చెప్పకపోతే చేపలు పోతాయి. ఎంతో ధైర్యం చేసి మధ్యేమార్గం కనిపెట్టాను.

"అది నదిలో చేపలకండీ. ఇంట్లో చేపలకు పడదు."

మా అమ్మాయి గిన్నె లాక్కుని చేపలను బకెట్లో వదిలేసింది. సీసా వెనక్కి తిప్పి, చీమ తలకాయంత అక్షరాలను కూడబలుక్కుని పైకి చదివింది: "జలచరాలకు విషపూరితం. కాలువలలో పోయరాదు." అదీ నేను రాసిందే. అత్తగారు నన్ను చూసిన చూపుకు ఏ క్రిమీ బతికేది కాదు. నిజంగానే సిగ్గేసింది.

మర్నాడు విషయం చెబితే మేనేజరుగారు తక్షణమే చర్య తీసుకున్నారు. చేప నవ్వు కాస్త తగ్గించారు.

ఇప్పుడు "సాయంత్రం తొందరగా వస్తానమ్మా" అన్నా సరే, మా అమ్మాయి "వెనకాల ఏం రాసుంది నాన్నా?" అని అడుగుతోంది. ఇంట్లో నా బతుకు కష్టంగానే ఉంది. మా ద్రవం కొనే మీరు మాత్రం నన్ను ఎన్నడూ అలా అడగలేదు. మీ చలవ వల్లే నా ఉద్యోగం నిలిచింది. సీసాను ఎప్పటిలాగే ఆకు బొమ్మ కనబడేలా పెట్టుకోవలసిందిగా మనవి.