పరుగు పందేనికి హాజరు పట్టీ

ఒక పెద్ద అడవిలో అందరికీ పరుగొచ్చు, పరుగు కమిటీ మాత్రం లేదు. జంబన్న అనే నక్క ఆ లోటు తీర్చి, తానే అధ్యక్షుడైంది.

ఈ అడవికీ పక్క అడవికీ మధ్య ఉన్నది ఒకటే వాగు. ఏటా వేసవికి ముందు రెండడవులూ నలభై రెండు కిలోమీటర్ల మారథాన్ పెట్టుకునేవి. గెలిచిన అడవిదే ఆ వేసవి నీళ్ళు. మూడేళ్ళుగా ఈ అడవి తరఫున చెంగి అనే లేడి గెలుస్తోంది. ఈసారి దానికి పాలు తాగే పిల్ల ఉంది. నీళ్ళు లేకపోతే పాలూ ఉండవు కాబట్టి రోజూ పొద్దున్నే రాళ్ళదారిన కసిగా సాధన చేసేది.

సింహంగారి బావమరిది ఎలుగుబంటి. ఎలా బావమరిది అయిందని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఈసారి గెలుపు దండ తన మెడలో పడాలని దాని కోరిక. నక్క వెంటనే శిక్షణ శిబిరం పెట్టించి, అందులో పూర్తి హాజరున్న వాళ్ళకే పందెంలో చోటంది.

మైదానమంతా షామియానా వేయడంతో పరుగెత్తడానికి జాగా మిగల్లేదు. మొదటిరోజు ప్రారంభోత్సవం. తర్వాత ఐదు రోజులూ పరుగు ప్రాముఖ్యం మీద ఉపన్యాసాలు. ఎలుగుబంటి ముందు వరుస కుర్చీలోంచి లేస్తే ఒట్టు. చివర్లో దానికి శాలువా కూడా కప్పారు.

జాబితాలో తన పేరు లేదని తెలిసి చెంగి నక్క దగ్గరికి వెళ్ళింది.

"పేరు పిలిస్తే పలకలేదు కదమ్మా," అంది నక్క.

"అప్పుడు పరుగెత్తుతున్నానండీ."

"శిక్షణ ఎగ్గొట్టి పరుగులేమిటి? నిన్ను చూసి కుర్రలేళ్ళు ఏం నేర్చుకుంటాయి?"

చెంగికి ఒళ్ళు మండింది. ఏం లాభం, పట్టీ నక్క చేతిలో ఉంది.

పందెం రోజు ఎలుగుబంటి మొదటి కిలోమీటరు దగ్గరే ఆగి, స్వాగతం చెప్పేవాళ్ళేరని అడిగింది. ఎవరూ లేరనేసరికి అలిగి కూర్చుంది. పక్క అడవి దుప్పి గెలిచింది. వాగు చేజారింది.

నాలుగు రోజులకే సింహంగారి నాలుక పిడచకట్టుకుపోయింది. కమిటీ అత్యవసరంగా కూర్చుని, ఓటమికి కారణం శిబిరం ఎగ్గొట్టిన చెంగేనని తేల్చింది. ఇరవై ఒక్క కిలోమీటర్ల అవతల ఓ నది ఉంది. రోజూ అక్కడికి పోయి సింహంగారికి నీళ్ళు తెమ్మని శిక్ష వేసి, మెడకు ఎండు సొరకాయ బుర్ర కట్టారు. దారి తెలియదంటే నక్క స్వయంగా కొండెక్కి చూపించింది.

చెంగి పిల్లను వెంటబెట్టుకుని మెల్లగా నడిచి వెళ్ళింది. నది నిండుగా ఉంది, ఒడ్డున మోకాలెత్తు పచ్చిక. తల్లీబిడ్డలు కడుపారా నీళ్ళు తాగారు. మళ్ళీ ఇటు తిరిగి చూడలేదు.

సింహంగారు నక్కను పిలిపించారు.

"పరుగు కమిటీ అధ్యక్షుడివి నువ్వేగా," అన్నారు. "పరుగెత్తు. సాయంత్రంలోగా నీళ్ళు రాకపోతే నీ రక్తంతో గొంతు తడుపుకుంటాను."

నీతి: పరుగు వచ్చినవాళ్ళకు దారి చూపించకూడదు.