బాబాయి మడమలో కోరం

మానవజాతి ఎరిగిన కార్యాలయాలన్నింటిలోనూ సక్రమంగా నడుస్తున్నది ఒకే ఒక్కటి. అది మా బాబాయి కుడి మడమ పుండులో ఉంది.

అందులో ఉద్యోగులు సూక్ష్మజీవులు. తగినంతమంది పోగయ్యేదాకా ఓపిగ్గా ఉంటారు. పోగయ్యాక ఒకరికొకరు కబురు పంపుకుని, అందరూ కలిసి చుట్టూ ఒక జిగురు పొర కట్టుకుంటారు. (కోరం లేక అక్కడ సమావేశం వాయిదా పడ్డ దాఖలా లేదు.) ఆపైన చాలామంది లోపల పడుకుంటారు. మందు వచ్చి బయట నిలబడి, పిలిచి పిలిచి, వెనక్కి పోతుంది. గోడ కట్టుకుని నిద్రపోయేవాళ్లను మార్చడం కష్టమని మనస్తత్వశాస్త్రం ఏనాడో చెప్పింది. మనుషుల గురించి కాబోలు అనుకున్నాం.

బాబాయి దర్జీ. మిషను తొక్కే కాలు అదే. డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, "ఇంకాస్త పాకిందంటే పాదం తీసేయాల్సొస్తుందండీ" అంది.

"తీసేయడం ఎవరైనా తీసేస్తారమ్మా. అతకడంలోనే కదా పనితనం" అన్నాడు బాబాయి. నవ్వుతూనే అన్నాడు గానీ, దుప్పటి కింద ఆ కాలు మిషను తొక్కుతున్నట్టు ఆడుతూనే ఉంది.

కొత్తగా నానో కణాల లేపనం ఒకటి వచ్చిందట. ఆ కణాలు ఎంత చిన్నవంటే, వెంట్రుక మందంలో వేలకు వేలు పడతాయి. జిగురు పొరలోకి దూరి, లోపల పడుకున్నవాళ్లను పడుకున్నచోటే చీల్చేస్తాయి. లేపనం ఆసుపత్రికి చేరింది కూడా. స్టోరులో ఉంది.

వచ్చిన సరుకును కళ్లారా చూస్తే తప్ప వచ్చినట్టు ఒప్పుకోరాదన్నది స్టోరు నియమం. స్టోరు అధికారి ట్యూబు మూత తీసి, కాస్త లేపనం వేలికి రాసుకుని, భూతద్దం పెట్టి చూశాడు.

"కణాలేవమ్మా?" అన్నాడు, లేపనం కోసం వచ్చిన డాక్టరమ్మతో.

"కంటికి కనిపించవు సార్."

"కనిపించనివాటిని చూశానని సంతకం పెట్టమంటారా? నేను పిల్లలుగలవాణ్ణి."

ఆయన చెడ్డవాడు కాడు. కనిపించకపోయినా ఉన్నారని నమ్మడం పై అధికారుల విషయంలో మాత్రమే అలవాటు చేసుకున్నాడు.

సంగతి బాబాయి పేర అర్జీగా అదృశ్య వస్తు స్వీకరణ సంఘానికి వెళ్లింది. కోరం లేక సమావేశం వాయిదా పడింది. మళ్లీ పడింది. మడమలో మాత్రం సమావేశం నిండుగా సాగుతోంది.

చివరికి డాక్టరమ్మ మళ్లీ స్టోరుకు వెళ్లి అడిగింది. "బల్బులొస్తే ఏం చేస్తారు సార్?"

"వెలిగించి చూస్తాం. వెలిగితేనే తీసుకుంటాం."

"అయితే దీన్ని ఈయన మడమ మీద వెలిగించి చూద్దాం."

అధికారి నియమాల పుస్తకం తిరగేశాడు. నియమం ప్రకారం అందులో తప్పేమీ దొరకలేదు.

అలా బాబాయి తనిఖీ పరికరమయ్యాడు. 'పరికరం. కదిలించరాదు' అని మంచానికి చీటీ కట్టారు. "ఒరేయ్, మీ పిన్నితో చెప్పు. ఇకమీదట నన్ను కసరడానికి వీల్లేదు. ఆసుపత్రి ఆస్తిని" అన్నాడు బాబాయి.

అధికారి రోజూ కట్టు మార్చే వేళకు వచ్చేవాడు. మొదట ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని. తర్వాత రుమాలు మర్చిపోయి. "ఈ అంచు నిన్నటికన్నా ఎర్రగా లేదూ?" అని గాభరా పడేవాడు.

"మంచి ఎరుపే సార్ అది. కొత్త చర్మం" అనేది డాక్టరమ్మ.

పుండు మూసుకున్న రోజున ఆయన సరుకు అందినట్టు సంతకం పెట్టి, బాబాయికి ఒక చొక్కా గుడ్డ కూడా ఇచ్చి వెళ్లాడు, కుట్టిపెట్టమని.

ఆ మర్నాడే సంఘానికి కోరం కుదిరింది. అర్జీదారు స్వయంగా హాజరు కావాలన్నారు. బాబాయి వెళ్లాడు. నేనూ వెంట ఉన్నాను.

అధ్యక్షుడు బల్ల మీదుగా వంగి బాబాయి పాదాలు చూశాడు. "నడిచే వచ్చారా?"

"నడిచే వచ్చానండీ!"

నడవగలిగినవారికి ఈ మందు అనవసరమని, అర్జీని ఏకగ్రీవంగా తిరస్కరించారు. బాబాయి సంతోషంగా దణ్ణం పెట్టి, గుమ్మం దాకా వచ్చి ఆగాడు.

"అయ్యా, నా పక్క మంచమాయనకీ ఇలాంటి పుండేనండీ. కాలు కింద మోపలేడు. ఆయనకైనా ఇప్పించండి."

అధ్యక్షుడు దయగా నవ్వాడు.

"దానికేం భాగ్యం. మీలాగే ఆయన్నీ నడిచి వచ్చి అడగమనండి."