ముప్పై ఏడో నంబరు కారు

1963లో ఒక ఆదివారం పొద్దున్నే ఆఫీసు నుంచి ఇంటికి తెచ్చిన పాత కార్ల రిజిస్టరుకు శుభ్రమైన నకలు రాసేయాలనుకున్నాడు వరప్రసాద్. నాంపల్లిలో బళ్ళ రిజిస్ట్రేషను ఆఫీసులో గుమాస్తా అతను. తెనాలి నుంచి వచ్చి ఏడేళ్ళయింది. కాఫీ తాగి వచ్చేసరికి బల్ల మీద పుస్తకం లేదు.

"చెదలు పట్టిందని పాత పేపర్లతో పాటు ఇచ్చేశానండీ," అంది భార్య ప్రభావతి. "అబిడ్స్‌లో పల్లీలమ్మే పూలమ్మ ఇందాకే పట్టుకెళ్ళింది."

చొక్కా గుండీలు పెట్టుకుంటూనే పరిగెత్తాడు. పూలమ్మ అప్పటికే కొన్ని ఆకులు చింపి పొట్లాలు కట్టేసింది. "తినకండి! ఆ పొట్లాలిచ్చేయండి!" అని అతను జనం మీద పడితే, పల్లీల్లో విషం కలిసిందనుకుని ఒకాయన ఉమ్మేశాడు. ఆయన్ని చూసి పదిమంది ఉమ్మేశారు. ఎవరో దవాఖానకు రిక్షా కూడా పిలిచారు.

"ఏంది సారూ, నా పల్లీలకేమైంది?" పూలమ్మ గంప దించి మీదికొచ్చింది.

"పల్లీలకేం కాలేదమ్మా! ఆ కాగితాల్లో కార్లున్నాయి!"

పిలిచిన రిక్షా ఇతనికే పనికొస్తుందనుకున్నారు జనం.

పుస్తకం దక్కింది గానీ ముప్పై నుంచి యాభై దాకా నంబర్లున్న ఆకులు తొక్కిసలాటలో పోయాయి. ఉద్యోగం ఊడినట్టేననుకుని వరప్రసాద్ అక్కడే చతికిలబడ్డాడు.

"ఫికర్ చేయకుండ్రి సారూ. నేను చెప్త, రాసుకోండ్రి," అన్నాడు పక్కనున్న ముసలాయన. పేరు గట్టయ్య. ఊళ్ళో పాత కార్లన్నీ వచ్చే గన్‌ఫౌండ్రీ షెడ్డులో ముప్పై ఏళ్ళు మోటార్లు బాగుచేశాడు. అంకెలు తప్ప చదువు రాదు. కళ్ళు మూసుకుని ఒక్కో బండి ఇంజను నంబరూ, రంగూ, అది ఏ ఎత్తు మీద మొరాయించేదో కూడా చెప్పుకుపోయాడు. వరప్రసాద్ వేళ్ళు తిమ్మిరెక్కాయి గానీ ఆపమనడానికి మనసు రాలేదు. ఉమ్మినవాళ్ళంతా గుడి ముందు నిలబడ్డట్టు నిలబడి విన్నారు.

సోమవారం జరిగిందంతా అధికారి సోమయాజులుగారి ముందు ఒప్పుకున్నాడు. ఆయన నింపాదిగా బీరువాలోంచి రెండో ప్రతి తీశారు. అలాంటిదొకటి ఉందని వరప్రసాద్‌కు అప్పుడే తెలిసింది. పోల్చి చూస్తే అన్నీ సరిపోయాయి, ముప్పై ఏడో నంబరు తప్ప. ప్రతిలో నలుపు, గట్టయ్య చెప్పింది ఆకుపచ్చ.

"ముసలివాడు పొరబడ్డాడయ్యా," అన్నారు సోమయాజులుగారు.

ఆ కారు కోర్టు దగ్గర ఒక వకీలుగారి షెడ్డులో ఇంకా ఉంది. గట్టయ్యను పిలిపించి ముగ్గురూ వెళ్ళారు. గట్టయ్య తలుపు అంచున గోటితో గీరాడు. నలుపు పెచ్చులూడి, కింద రామచిలక రెక్కలాంటి పచ్చదనం మెరిసింది. సోమయాజులుగారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"కాగితంల తప్పుగ నల్లది అని రాసిన్రు సారూ," అన్నాడు గట్టయ్య. "కాగితం మార్చుడు కష్టమని మల్ల కారుకే నల్లరంగు ఏయమన్నడు కారు కొన్న దొర. నేనే ఏసిన."

సోమయాజులుగారు ఆ ముసలాయనకు చేతులు జోడించారు.

మర్నాడు వరప్రసాద్‌కు ఆయన సంతకంతో మెమో అందింది: రికార్డుకు విరుద్ధమైన నిజాన్ని రికార్డులో రాసినందుకు సంజాయిషీ ఇవ్వవలెను.