కండక్టరు మెడలో రబ్బరు బిళ్ల

ఆ ఉదయం బస్సు కండక్టరు తలపెట్టిన పని ఒక్కటే, కూతుర్ని ఏడిపించకుండా బడికి పంపడం. పాప రెండో తరగతి. కూర్చుంటే చాలు, చొక్కా కాలరు నములుతుంది. మధ్యాహ్నానికి దాన్ని పిండితే నీళ్లు కారతాయి. తోటిపిల్లలు ‘తడికాలరు’ అని పేరుపెట్టాక బడంటే మంచం దిగడం మానేసింది. కాలరుకు బదులు నమలమని డాక్టరమ్మ ఒక రబ్బరు బిళ్ల ఇప్పించింది, మెడలో వేసుకునేది.

“అందరూ నవ్వుతారు నాన్నా.”

“నా మెడలో విజిల్ వేలాడటం లేదూ? ఎవరు నవ్వారమ్మా?”

పాప మెత్తబడింది. బిళ్లా విజిలూ ఒకే మేకుకు వేలాడుతున్నాయి, రెండింటివీ నల్లతాళ్లే. ఇన్నేళ్లుగా విజిల్ అందుకునే పని కండక్టరు చేతిదే, కళ్లకు సంబంధం లేదు. చెయ్యి బిళ్లను అందుకుంది. మిగిలింది పాప వేసుకుంది.

మొదటి స్టాపులో కండక్టరు గట్టిగా ఊదాడు. బుగ్గలు పూరీల్లా పొంగాయి గానీ చప్పుడు లేదు. విజిల్ వినందే డ్రైవరు బండి కదపడు.

“పోనియ్ అన్నా.”

“నోటిమాట మీద పోతే రేపు నా మెడకు చుట్టుకుంటుంది. విజిల్ వెయ్యి తమ్ముడూ.”

ఇంత వయసొచ్చి పాలపీకేమిటని ముందుసీటు పెద్దావిడ ఆరా తీసింది. చివరికి వెనకసీటు కూరగాయలాయన నోట్లో వేళ్లు పెట్టి ఈల వేశాడు. బస్సు కదిలింది. ఇక ఆయన ఆపమన్న చోట ఆగింది, తెలిసినవాళ్లు కనిపించినప్పుడల్లా ఆగింది.

పాప నోట్లో విజిల్ ఉంటుందని కండక్టరుకు అప్పుడు తట్టింది. నమలబోతే క్లాసంతా కూత. ‘తడికాలరు’ పోయి ఇంకే పేరొస్తుందో. ట్రిప్పు ముగిసేదాకా బిళ్ల నోట్లోంచి తీయలేదు. దిగగానే బడికి పరుగెత్తాడు.

మొదటి పాఠంలోనే కూత పడిందట. ఆటల గంట అనుకుని బడి మొత్తం బయటికి వచ్చేసిందట. ఇప్పుడు పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని మైదానం చుట్టూ తిరుగుతున్నారు. పాప ఊదితే వరుస కదులుతోంది, ఊదితే ఆగుతోంది. మందలించడానికి వచ్చిన హెడ్మాస్టరు కూడా వరుసలోనే ఉన్నారు. దిగుతానంటే, మీ స్టాపు ఇంకా రాలేదందట.

పాప కాలరు పొడిగా ఉంది.

“విజిల్ ఇటియ్యమ్మా. నీ బిళ్ల నువ్వు తీసుకో.”

పాప బిళ్లను తిప్పి చూసింది. చుట్టూ పళ్లగాట్లు.

“నీ ఎంగిలి నాకొద్దు నాన్నా. పక్కకు జరుగు, బండి పోవాలి.”

కండక్టరు జరిగాడు.

మర్నాడు డిపోలో కొత్త విజిల్ అడుగుతూ, పాతది వేరే బండి మీద డ్యూటీలో ఉందని చెప్పాడు.