క్యాలెండర్ లక్ష్మికి పెరిగిన బొట్టు

ప్రతి ఊరికీ ఒక సినిమా తార తప్పనిసరిగా ఉండాలని ప్రభుత్వం చట్టం చెయ్యాలి. నల్లా లేని ఊరు బతకగలదు, మా నాందేడులో కొన్ని వీధులు అలాగే బతుకుతున్నాయి. తార లేని ఊరు ఏం చూసుకుని బతుకుతుంది చెప్పండి?

నా మాట కొట్టిపారేయకండి. నాందేడు వజీరాబాదు బజారులో ఇరవై ఏళ్లుగా బట్టల దుకాణం నడుపుతున్న రాధాకిషన్‌ను నేను. పైగా మా ఊరి తారను కనిపెట్టింది సాక్షాత్తూ నేనే. ఈ సంగతి అడిగినవాళ్లకు చెబుతాను. అడగనివాళ్లకు ఇంకా ముందే చెబుతాను.

ఆమె పేరు ఆండాళ్. రైల్వే గార్డు ఆదిశేషయ్య కూతురు. వాళ్లది వరంగల్ వైపు, బదిలీ మీద వచ్చి ఇక్కడే నిలిచిపోయారు. డెబ్బై రెండులో మా దుకాణం క్యాలెండరుకు లక్ష్మీదేవి బొమ్మ కావలసి వచ్చింది. బొంబాయి ప్రెస్సువాడు పంపిన లక్ష్మికీ, పక్క దుకాణం వాడికి పంపిన సరస్వతికీ ఒకటే ముఖం. ఇదేం న్యాయం? అందుకని పదిహేడేళ్ల ఆండాళ్‌ను నిలబెట్టి ఫోటో తీయించాను. కిరీటం అట్టది, తామరపువ్వు మా దుకాణం గులాబీరంగు వాయిలు గుడ్డది. వాళ్లమ్మ దమయంతి పక్కనే ఉండి కొంగు సర్దింది. మోడలింగ్ అనే మాట అప్పటికి మా ఊళ్లో రైలు దిగలేదు.

ఏడాది గడిచింది, తేదీలు అయిపోయాయి. కానీ దేవుడి బొమ్మను పారేయకూడదు కదా! ఊరంతా కింద తేదీల ముక్క కత్తిరించి పై బొమ్మకు ఫ్రేము కట్టించుకుంది. ఇటు ధర్మాబాదు, అటు సర్ఖని దాకా దేవుడి గూళ్లలో మా ఆండాళ్‌కు దీపం, అగరొత్తి, శుక్రవారం పాయసం. ఆ పాయసంలో చెంచాడైనా ఆ పిల్లకు అందలేదనుకోండి, అది వేరే సంగతి.

బొంబాయి ప్రెస్సు గోడ మీద అదే బొమ్మను ఒక ప్రకటనల కంపెనీ ఆయన చూశాడు. రెండేళ్లలో ఆండాళ్ చేతికి తలనూనె సీసా వచ్చింది, తరవాత పౌడర్ డబ్బా, ఆ తరవాత కుక్కరు. అక్కడి నుంచి సినిమా. మొదటి సినిమాలో ఒక పార్టీలో ట్రే పట్టుకుని ఎడమ నుంచి కుడికి నడిచింది. మీరు తుమ్మితే ఆ సీను అయిపోతుంది. ఆ తుమ్మంత సీను కోసం మా ఊరు ఆ సినిమాను ఐదు వారాలు ఆడించింది! రెండో సినిమాలో కుడి నుంచి ఎడమకు కూడా నడిచి "చాయ్ లావూఁ?" అని అడిగింది. హాలంతా "లావో" అని అరిచింది. అందరికంటే గట్టిగా అరిచింది ఎవరో నేను చెప్పక్కర్లేదు.

ఊరికి ఎన్ని లాభాలో చూడండి. ఆమెకు లెక్కలు చెప్పామనే మాస్టార్లు పదకొండు మంది తేలారు. ఆమె లెక్కల్లో రెండుసార్లు తప్పిందని గుర్తున్నవాడు ఒక్కడూ లేడు. పరభణీలో పెళ్లికి వెళితే "మీరు ఆండాళ్ ఊరివారా?" అని మాకు రెండో జిలేబీ వేశారు. ఇంతకంటే దేశసేవ ఏముంటుంది?

పోయినేడు ఒక చిన్న చిక్కు వచ్చింది. ఆండాళ్ స్నానం సబ్బు ప్రకటనలో నటించింది. భుజాల దాకా నురగ. ఆ నురగను తెచ్చి సరిగ్గా మా స్టేషను ఎదురుగా పెద్ద బోర్డు మీద పెట్టారు. అదే ముఖం ఇంట్లో దేవుడి గూట్లో ఉంది! దించేస్తే లక్ష్మి అలుగుతుంది. ఉంచితే మగవాళ్లు పూజ దగ్గర ఎక్కువసేపు కూర్చుంటున్నారు.

మా ఊరి ఆడవాళ్ల తెలివికి దణ్ణం పెట్టాలి. బొమ్మను దించలేదు, బొట్టు పెద్దది చేశారు. మొదటి శుక్రవారం రేగుపండంత. తరవాత వడంత. ఆ తరవాత పూరీ అంత. మా ఇంట్లో ఇప్పుడు కిరీటం కనబడుతుంది, తామర కనబడుతుంది, మధ్యలో అంతా కుంకుమే. ఒక్క సబ్బు మా ఊళ్లో భక్తిని ఎంత పెంచిందో గమనించారా?

ఇక ఈ చైత్రం సంగతి. మా వైపు చైత్రంలో గౌరిని నిలిపి హళదీ కుంకూ చేస్తారు. ముత్తయిదువలను పిలిచి పసుపు కుంకుమలిచ్చి, పచ్చిమామిడి కలిపిన శనగపప్పు పెట్టి, మామిడి పానకం ఇస్తారు. కుంకుమకు పిలిస్తే రానని అనకూడదు, అది ఆచారం. దమయంతి నలభై గడపలు తిరిగి పిలిచింది. ఆండాళ్ కూడా సెలవు మీద వచ్చింది. రానని ఒక్కరూ అనలేదు.

ఆ సాయంత్రం నేను స్టూడియో శివరాంను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. భక్తితో అనుకునేరు, వచ్చే ఏటి క్యాలెండరుకు ఫోటో కావాలి. ముందు గదిలో గౌరి. గౌరి ముందు నలభై గిన్నెలు, నిండుగా. వచ్చిన మనిషి ఒక్కతే, స్టేషన్ ముందు పూలమ్మే సంగవ్వ.

"వదినె రాలేదా అన్నా?" అని దమయంతి అడిగింది.

"మాహూర్ పోయింది చెల్లె. రేణుకామాత దర్శనానికి," అన్నాను మా ఆవిడ తరఫున.

"అందరు మాహూరే పోయిన్రంట," అంది సంగవ్వ, పానకం తాగుతూ. "గింత మంది ఒక్కసారే ఎక్కితే కొండ మీద జాగ ఉంటదా అమ్మా?"

ఆండాళ్ నాకు కుర్చీ వేసింది. "ఇప్పుడే మీ ఇంటి ముంగలకెల్లే అచ్చిన కాకా. కాకు పెరట్ల పాపడాలు ఎండవెడుతుండె," అంది నవ్వుతూ. కాకు అంటే మా ఆవిడే. "గంటలనే మాహూర్ చేరిందా?"

దమయంతి గిన్నెల మీద మూతలు పెట్టడం మొదలుపెట్టింది. ఒక్కో మూతా చప్పుడు కాకుండా. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గేసింది, దాచడం ఎందుకు. అయినా వ్యాపారిని కదా, క్యాలెండరు మాట ఎత్తాను.

"తీసుకోండ్రి కాకా," అంది ఆండాళ్. "ఈసారి నాది గాదు. అమ్మది తీయుండ్రి. కుంకుమ భరిణె పట్టుకుని."

శివరాం తీశాడు. ప్రింటు నిన్న వచ్చింది. దమయంతి భరిణె ముందుకు చాచి నిలబడి ఉంది. వెనక మూతలు పెట్టిన గిన్నెలు వరసగా ఉన్నాయి. అందులో ఒకటి మా ఇంటి వంతుది.

"శేట్, ఫోటోల ఎనక గిన్నెలు తుడిచేయాల్నా?" అని శివరాం అడిగాడు. వద్దన్నాను.

పాఠకులారా, నా చట్టానికి ఒక సవరణ. ఊరికి తార ఉండాలి, తారకు తల్లి ఉండరాదు. ఉన్నా మా ఊళ్లో ఉండరాదు. ఉన్నా కుంకుమకు పిలవరాదు.

సవరణ వచ్చేలోగా క్యాలెండరు అచ్చవుతుంది. దుకాణంలో ఊరికే ఇస్తాను, మా ఊళ్లో ఊరికే ఇస్తే వద్దనేవాళ్లు లేరు. నిన్నటి ప్రింటును ముందు మా ఇంటికే తీసుకెళ్లాను. మా ఆవిడ ఉమాబాయి అలవాటు కొద్దీ బొమ్మకు బొట్టు పెట్టబోయి, కుంకుమలో ముంచిన వేలితో ఆగిపోయింది. దమయంతి చెయ్యి ఆమె నుదుటి వైపే చాచి ఉంది. బొట్టు పెట్టించుకోవడం తప్ప ఆ బొమ్మ ముందు చేయగలిగింది ఏమీ లేదు.